అల్లుడుగారికి వేరే కప్పు

“మాస్టారూ, రెండో జత ఏదీ?”

మూడో బెడ్ పేషెంటుకి రక్తం తీస్తున్న ల్యాబ్ టెక్నీషియన్ తలెత్తి చూశాడు. ఎదురుగా నడుం మీద చెయ్యి పెట్టుకుని వార్డు నర్సు నిలబడి ఉంది.

“ఏం రెండో జత సిస్టర్?”

“గ్లౌజులండీ. ఈ బెడ్‌కి రెండు జతలు వేసుకోవాలి. ఈయన అల్లుడుగారు.”

“ఎవరికి అల్లుడు?”

ఆమె కళ్ళతోనే ‘ష్’ అంది. బయటికొచ్చాక గొంతు తగ్గించి చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి ఆ వార్డు పెట్టుకున్న రహస్యపు పేరట అది. అల్లుడుగారికి ప్లేటు వేరు, దుప్పటి వేరు, మర్యాదలన్నీ దూరం నుంచే. ఆ పేరు కనిపెట్టింది హెడ్ సిస్టర్. ఆవిడ ఈ నర్సుకి స్వయానా పెద్దమ్మ.

“ఒక జత చాలండీ. నేను ఏ పేషెంటుకైనా అదే జాగ్రత్త తీసుకుంటాను,” అన్నాడతను.

“అబ్బో, తెలివితేటలు!” అని ఆమె విసురుగా వెళ్ళిపోయింది.

అతనికి నవ్వు రాలేదు. ఎలా వస్తుంది? అతనికీ ఆరేళ్ళుగా హెచ్‌ఐవీ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటాడు. రక్తంలో వైరస్ పరీక్షకి కూడా దొరకనంతగా తగ్గిపోయింది. రేపు పెళ్ళి చేసుకున్నా భార్యకి అంటుకోదని డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. పాత ఆస్పత్రిలో ఆ కాగితం ఎవరూ చదవలేదు. సంగతి తెలిసిన వారానికే అతన్ని ల్యాబ్‌లోంచి పాత ఫైళ్ళ గదికి మార్చారు. ఫైళ్ళకి జబ్బులు రావని కాబోలు! ఇక్కడా తెలిసిందంటే అంతే సంగతులు. అందుకే తన వంక ఎవరు రెండుసార్లు చూసినా అతనికి అనుమానమే.

ఈ నర్సు రోజుకి ఇరవైసార్లు చూసేది. పైగా వాళ్ళ పెద్దమ్మ ఆమెని పిలిచే పేరు వాగుడుకాయ.

“మాస్టారూ, మీరెందుకు ఆ బెడ్ మీద కూర్చుని మరీ రక్తం తీస్తారు?” అని ఒకరోజు నిలదీసింది.

“నిలబడితే నడుం నొప్పండీ.”

“అబద్ధం.”

“నిజమే, అబద్ధం. ఆయనతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని.”

వాగుడుకాయకి మాట పడిపోయింది. మర్నాటి నుంచి ఆమె కూడా ఒక్క జతే వేసుకుంది, ఆ బెడ్ అంచున కూర్చుని కబుర్లు చెప్పింది. అది చూసి అతను ఆమెని ప్రేమించాడు. ప్రేమ వెంటే అనుమానమూ వచ్చింది. ఉన్నట్టుండి ఇంత మార్పేమిటి? ఏం పసిగట్టింది?

ఒక సాయంత్రం ఇద్దరూ వానకి గేటు పక్క షెడ్డులో ఇరుక్కున్నారు. అతను రుమాలు కోసం బ్యాగులో చెయ్యి పెడితే మాత్రల సీసా కిందపడి దొర్లింది. ఆమే వంగి తీసింది.

“విటమిన్లా మాస్టారూ? అందుకే ఇంత నిగనిగ!”

ఆమె కనురెప్ప మీద ఒక చినుకు ఆగింది. చూడాల్సింది దాన్ని. ఈయనగారు సీసా లేబుల్ చూశాడు. మందు పేరు సగం కనిపిస్తోంది. నర్సుకి సగం చాలదూ?

రెండు రోజుల తర్వాత అతను స్టాఫ్ రూంలో అడుగు పెట్టగానే లోపల నవ్వులు ఠక్కున ఆగాయి.

“అల్లుడుగారొచ్చారు, కుర్చీ వెయ్యండమ్మా!” అంది ఆయా.

అతను కూర్చోబోతే బల్ల మీద కూర్చున్న నలుగురూ లేచారు. టీ కొత్త పూల కప్పులో వచ్చింది.

“ఇది మీకే ప్రత్యేకం. ఇంకెవరం ముట్టుకోం,” అంది ఆయా, నవ్వు ఆపుకుంటూ.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి బ్యాగు మీదికి పోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ పెదవి ఎవరిదో అతనికి వేరే చెప్పాలా? టీ ముట్టుకోకుండా వచ్చి రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం శాంపిళ్ళు తీసుకుని ఆమె ల్యాబ్‌కి వచ్చింది.

“చెప్పేశావు కదూ?” మొదటిసారి ‘నువ్వు’ అన్నాడు, అదీ కోపంలో.

ఆమె ముఖం ఎర్రబడింది. “పెద్దమ్మకి మాత్రమే చెప్పాను. ఆవిడే అందరికీ...”

“సీసా చూసిన రోజే అనుకున్నాను.”

“సీసాకీ దీనికీ ఏంటి సంబంధం?”

“నాకు హెచ్‌ఐవీ ఉందని ఊరంతా చాటి, ఏం సంబంధం అంటావా!”

ఆమె చేతిలోని శాంపిళ్ళు బల్ల మీద పెట్టేసింది.

“నేను చెప్పింది అది కాదు,” అందామె నెమ్మదిగా. “మీరంటే నాకిష్టమని చెప్పాను.”

కుర్చీ, కప్పు, నవ్వులు... అవన్నీ అసలు సిసలు అల్లుడి మర్యాదలే! తన గుట్టు తన నోటితోనే బయటపెట్టుకున్నాడు. ఆమె వంక చూశాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి ఉంది. ఎప్పుడు వేసిందో ఆమెకే తెలియదు. ఇద్దరూ ఆ అడుగు చూశారు. ఆమె ఏడుస్తూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న అతను రాజీనామా ఇవ్వడానికి వెళ్తుంటే కారిడార్లో అడ్డం నిలబడింది.

“నిన్న ఆ అడుగు అలవాటు వేయించిందని తప్పించుకోను. వేసింది నేనే. సిగ్గుగా ఉంది.”

“మీ పెద్దమ్మకి చెప్పావా?”

“లేదు. అది మీ సంగతి. చెప్పాలో వద్దో మీ ఇష్టం.”

“వాగుడుకాయవి కదా.”

“నా సంగతులే వాగుతాను, మాస్టారూ. రాత్రంతా నిద్రపోలేదని సినిమా డైలాగు కొట్టను. హాయిగా నిద్రపోయాను. లేవగానే మీరే గుర్తొచ్చారు. అంతే.”

“జాలా?” అన్నాడు అనుమానంగా.

“జాలైతే నాలుగు పళ్ళిచ్చి పోయేదాన్ని!”

అతను రాజీనామా జేబులోనే ఉంచుకుని నేరుగా హెడ్ సిస్టర్ గదికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పేశాడు. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

“నాకన్నా ముందు మా పిల్లకి చెప్పావా?”

“తనకే ముందు తెలుసండీ.”

“మాత్రలు ఎప్పుడైనా మానేశావా?”

“ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా లేదండీ.”

ఆవిడ ముఖంలో ఏమీ తెలియలేదు. ఏ ఫైళ్ళ గదికి పొమ్మంటుందా అని చూస్తున్నాడతను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. ఎలా అంటుకుంటుందో, ఎలా అంటుకోదో అన్నీ తెలుసు. అయినా ఆ వెధవ పేరు నేనే పెట్టాను, నలుగురూ నవ్వుతారని. అది వింటూ మా మధ్య ఎలా తిరిగావురా నాయనా?”

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

“ఇక ఆ మాట వార్డులో వినబడితే నేను ఊరుకోను. సరే, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?”

“అక్క, బావ. ఎందుకండీ?” మళ్ళీ అనుమానం.

“ఎందుకేంటి! ఇంత అనుమానపు మనిషి దొరికాడేంటి నాకు!” తలుపు వెనక నుంచి వాగుడుకాయ గొంతు.

“మీ అక్క నంబరివ్వు,” అంది పెద్దమ్మ. “మీ తమ్ముణ్ణి మా పిల్లకిస్తారా అని అడగాలి.”

ఆ మాట అడిగేవాళ్ళు ఈ జన్మకి ఎవరూ రారని అక్క ఆరేళ్ళుగా దిగులు పడుతోంది. అతను నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. అంకెలన్నీ పూర్తయ్యేలోపు మూడుసార్లు ఏడ్చాడు.