ఒక్క పక్క నుంచే పిలిచే గొంతు

కల్లూరు దాటి లోపలి పల్లెకు పోయే దారిలో, పొలాలు వెనకపడి అడవి మొదలయ్యే చోట ఒక కల్వర్టు ఉంది. పగలు చూస్తే ఏముండదు — రెండు సిమెంటు దిమ్మెలు, ఒక పక్క బారులు తీరిన జామాయిల్ తోట, ఇంకో పక్క వాగు మడుగు. చీకటి పడ్డాక మాత్రం అటుగా బండి మీద వెళ్ళేవాడు హారన్ మీది వేలు తీయడు. నడిచి వెళ్ళేవాడు ఫోనులో పాటలు గట్టిగా పెట్టుకుంటాడు. పగలంతా మీసం దువ్వుకునే మగధీరులు కూడా అక్కడికి రాగానే మీసం సంగతి మరిచిపోతారు.

అక్కడ ఎవరో పిలుస్తారట.

ఎదురు నుంచి కాదు, వెనక నుంచి కాదు... ఒక పక్క నుంచే. అటు తిరిగితే ఆ గొంతు కూడా తిరుగుతుంది. మళ్ళీ పక్కకే వస్తుంది. దాని వెంట పోయినవాడు తెల్లారేదాకా తోటలో గానుగెద్దులా తిరగాల్సిందే. ఇది ఊరంతా చెప్పే మాట. నిజానికి అలా తిరిగి వచ్చి చెప్పినవాడు ఒక్కడే — తాపీమేస్త్రీ యోనా. మిగతావాళ్ళంతా ఆయన నోట విని, తలా కాస్త ఉప్పూకారం కలిపినవాళ్ళే.

యోనాకు ఒక్కడే కొడుకు, జోయెల్. కొత్తగూడెంలో బైకుల షెడ్డులో పని చేసేవాడు. శనివారం రాత్రికి ఇల్లు చేరి, ఆదివారం చర్చిలో డోలక్ వాయించి, సోమవారం పొద్దున్నే మళ్ళీ పనికి పోయేవాడు.

నాలుగేళ్ళ కిందట ఒక శనివారం జడివాన పట్టుకుంది. "బయల్దేరిన నాయనా" అని జోయెల్ ఫోన్ చేశాడు. ఆ తర్వాత వాగు పొంగిందని కబురొచ్చింది. ఎక్కడివాడివక్కడే ఆగమని చెబుదామంటే ఫోన్ కలవలేదు. యోనా టార్చి పట్టుకొని కల్వర్టు దగ్గరికి పరుగెత్తాడు. కొడుకు వచ్చే దారికి ఎదురుగా నిలబడ్డాడు. అలా నిలబడితే ఎడమ పక్క తోట, కుడి పక్క వాగు.

వాన మోత... వాగు మోత... ఆ మోతల నడుమ ఒక కేక.

"నాయనా!"

ఎడమ పక్క నుంచి. తోటలో నుంచి.

యోనా తోటలోకి దూకాడు. కేక మళ్ళీ వచ్చింది — ఎడమకే. అటు మళ్ళాడు. మళ్ళీ ఎడమకే. "జోయెలూ! ఏడున్నవు రా!" అని అరుచుకుంటూ చెట్టూ చెట్టూ వెతికాడు. పోను పోను ఆ పిలుపు సన్నబడింది... ఆ తర్వాత లేదు.

తెల్లారాక జోయెల్ దొరికాడు. యోనా కల్వర్టు చేరేసరికే బండి జారి మడుగులో పడిపోయింది. దాని కింద కాలు ఇరుక్కుంది. నీళ్ళు మెల్లగా పెరిగి ముంచేదాకా పిలుస్తూనే ఉన్నాడు. తోట వైపు నుంచి కాదు, వాగు వైపు నుంచి.

తోటలో ఉన్నది కొడుకు గొంతుతో పిలిచి తండ్రిని దారి మళ్ళించిందన్నారు ఊళ్ళోవాళ్ళు. యోనా ఆ మాట పట్టుకొని బతికాడు. లేకపోతే ఆ వారమే ఏ పురుగుల మందో తాగి ఉండేవాడు.

నమ్మనిది ఒక్క ఆరోగ్యమ్మే, యోనా భార్య. సండే స్కూల్లో పిల్లలకు దెయ్యాల్లేవని చెప్పే మనిషి ఆమె. దెయ్యం లేకపోతే మరి జరిగిందేమిటి? పొంగిన వాగును చూసి మొగుడు భయపడ్డాడు... కొడుకు నీళ్ళలో నుంచి పిలుస్తుంటే దిగే ధైర్యం లేక తోటలోకి పోయాడు. ఆమె గుండెలో దిగిన ముల్లు అది. నోరు తెరిచి ఒక్కనాడూ అడగలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, అటు తిరిగి పడుకునేది. నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో కిరాయికున్న ఇద్దరిలా బతికారు.

ఈ మధ్య యోనాకు వినికిడి తగ్గింది. పిలిస్తే పలకడం లేదు. గోడలు కోసే మిషన్ల మోతకు చెవులు దెబ్బతిన్నాయనుకున్నారు. ఖమ్మంలో చెవులు పరీక్ష చేసే చోటికి ఆరోగ్యమ్మే తీసుకుపోయింది. ప్రేమతో కాదు, పాస్టరుగారు పోరుతుంటే తప్పక.

అక్కడ పరీక్షలు చేసే అమ్మాయి పేరు నాగలత. యోనాను అద్దం గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినబడ్డప్పుడల్లా చెయ్యెత్తమని చెప్పి తలుపు వేసింది. ఆ తలుపు వేస్తే ఇటు మాట అటు పోదు.

ఎడమ చెవికి చప్పుడు పంపింది. చెయ్యి లేచింది. కుడి చెవికి పంపింది. లేవలేదు. పెంచింది. లేవలేదు. ఇంకా పెంచింది... యోనా బడిపిల్లాడిలా బుద్ధిగా గోడ వంక చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మా, ఈయనకు చిన్నప్పుడు గవదబిళ్ళలు అయినయా?"

"అయినయని మా అత్త చెప్పేది. ఏంది బిడ్డా?"

"కుడి చెవి అప్పుడే పోయినట్టుంది. ఎడమది ఇప్పుడు తగ్గుతుంది. దానికి వినికిడి మిషన్ పెట్టొచ్చు."

ఆరోగ్యమ్మ నమ్మలేదు. "చిన్నప్పటి సంది ఒక చెవి లేకుంటే మాకు తెల్వదా?"

"ఆయనకే తెల్వదమ్మా. పసితనం నించి ఒక్క చెవే కదా, అందరికీ గిట్లనే వినబడతదనుకుంటడు. మెదడు ఎట్లనో సర్దుకుంటది. ఎదుటోళ్ళ మొఖం చూసి, తల తిప్పి, పని ఎళ్ళదీస్తది. ఒక్కటే దానికి చాతకాదు... చప్పుడు ఎటు నించి వచ్చిందో కనిపెట్టుడు. ఏ చెవికి ముందు చేరింది, ఏ చెవికి గట్టిగ చేరింది అని రెండిటినీ పోల్చుకుంటేనే అది తెలిసేది. ఒక్క చెవితోని దేన్ని పోలుస్తది? పగలైతే కళ్ళు సాయం చేస్తయి. చీకట్ల ఎటు నించి పిలిచినా ఈయనకు మంచి చెవి పక్క నించి పిలిచినట్టే ఉంటది. అటు తిరిగితే మళ్ళ అటే..."

నాగలత ఇంకా ఏదో చెబుతోంది. ఆరోగ్యమ్మకు ఒక్క ముక్క ఎక్కలేదు.

భయపడలేదు. ఆయన భయపడలేదు. కొడుకు పిలిస్తే, తనకు ఎటు వినబడిందో అటు ప్రాణాలకు తెగించి పరుగెత్తాడు. అటు జోయెల్ లేడు, అంతే.

అద్దం అవతల నుంచి యోనా ఆమెను చూసి నవ్వాడు, బాగానే చేస్తున్నానా అన్నట్టు. నాలుగేళ్ళలో ఆమె ఆ ముఖాన్ని సరిగ్గా చూడనే లేదు. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

"బిడ్డా... నీకు దండం పెడత. మిషన్ పెట్టు. ఆ పక్కల సంగతి మాత్రం ఆయనకు చెప్పకు."

ఎందుకని నాగలత అడగబోయింది. ఆమె ముఖం చూసి, మిషన్ వచ్చే వారం వస్తుందని మాత్రం చెప్పింది.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఆయన కాళ్ళ మీద పడి, తప్పుగా అనుకున్నానయ్యా, క్షమించమని అడగాలని ఉంది ఆరోగ్యమ్మకు. అడిగితే ఎందుకని అడుగుతాడు. చెబితే, తన చెవే తనను దారి తప్పించిందని తెలిసి ఈ రాత్రే మడుగులో దూకుతాడు.

బస్సు దిగేసరికి చీకటి పడింది. కల్వర్టు మీదికి రాగానే యోనా ఆగాడు. ఎప్పుడొచ్చినా ఆగుతాడు. వెనక్కి తిరిగి, కొడుకు రావాల్సిన దారి వైపు నిలబడ్డాడు.

"పిలుస్తుండు..." అన్నాడు గుసగుసగా. "తోటల నించి. నీకు వినబడదులే."

ఏం లేదు, పదవయ్యా అని కసిరేది ఇదివరకైతే. ఇవాళ కసరలేదు.

"ఆరోగ్యం... ఒక్క మాట చెప్పు. నువ్వు అబద్ధమాడవు. దెయ్యం లేదంటవు. దెయ్యం లేకుంటే... పిల్లగాణ్ణి పోగొట్టింది నేనే కదా?"

జామాయిల్ ఆకులు గలగలమన్నాయి.

"ఆ రాత్రి నన్ను తిప్పింది ఏందే?"

ఆరోగ్యమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ప్రభువా, ఈ పాపం నా లెక్కలో రాసుకో అనుకుంది.

"దెయ్యమే తిప్పింది."

"ఏందీ?"

ఆయన ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "ఉన్నదయ్యా. నాకూ వినబడుతుంది. అగో... తోటల నించే."

"అవ్! తోటల నించే కదా!" యోనా ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. కొడుకును పాతిపెట్టిన రోజు కూడా అంత ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి తేలికపడ్డాడు. ముఖం తుడిచి, "పద, పోదం" అని ఊరి వైపు తిప్పిందామె.

రెండడుగులు వేశారో లేదో...

"అమ్మా..."

ఆరోగ్యమ్మ చెవులు రెండూ మంచివే. ఎటు నుంచో స్పష్టంగా తెలుసు. తోటలో నుంచి కాదు... మడుగులో నుంచి. సన్నగా, చలికి వణుకుతున్నట్టు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వినబడని గొంతు.

తల తిప్పబోయి ఆగింది. తిప్పితే యోనా చూస్తాడు. తోటలో పిలుస్తుంటే వాగు వైపు ఎందుకు చూశావని అడుగుతాడు.

"అమ్మా..."

మొగుడి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది ఆరోగ్యమ్మ. కొడుకు పిలుస్తూనే ఉంటే, కళ్ళు ఊరి దీపాల మీదే పెట్టి నడిచింది.