బందెలదొడ్డి దగ్గర మూడు దెబ్బలు

పొద్దుగూకాక బందెలదొడ్డి వైపు వెళ్లొద్దంటారు. తప్పనిసరై వెళ్లినా దొడ్డికి వీపు చూపించొద్దంటారు. అక్కడ ఇనప కటకటాల మీద ఎవరో కొడతారట... మూడే మూడు దెబ్బలు. కొట్టిన మనిషి మాత్రం కనపడడు.

రాయగడ నుంచి గుణుపురం పోయే దారిలో ఉంది ఆ పట్నం. పేరెందుకు లెండి, మున్సిపల్ కౌన్సిల్ వాళ్లకి కోపం వస్తుంది. రోడ్ల మీద తిరిగే పశువుల్ని ఒకప్పుడు తోలుకొచ్చి ఆ దొడ్లో పెట్టేవారు. ఆ పని మానేసి చాలా ఏళ్లయింది. కప్పు కూలిపోయింది, కటకటాలు మిగిలాయి. వాటి పక్కనే నేలలో ఒక గొయ్యి, గొయ్యి మీద ఇనప మూత, మూత కింద నీళ్ల వాల్వు. దొడ్డి వెనకున్న తెలుగు సాహికి నీళ్లు వెళ్లేది ఆ వాల్వులోంచే. సాహి అంటే అక్కడి మాటలో వీధి. ఊరు ఊడవడానికి శ్రీకాకుళం వైపు నుంచి తీసుకొచ్చిన వాళ్ల మనవలూ మునిమనవలూ ఉండే వీధి అది.

ఊళ్లో వాల్వులన్నీ తిప్పేవాడు దాలయ్య. తెల్లారకముందే ట్యాంకు నీళ్లు వదులుతారు. దానికి కాస్త ముందు దాలయ్య వచ్చి, వాల్వు తిప్పే నడుమెత్తు ఇనప చాబీతో కటకటాల మీద కొట్టేవాడు. ఠంగ్... ఠంగ్... ఠంగ్. సాహి ఆడవాళ్లు ఆ చప్పుడికే లేచి బిందెలు పట్టుకునేవారు.

పోయిన వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఆ చప్పుడు వినపడలేదు. వెళ్లి చూస్తే, దాలయ్య మూత పక్కనే ఒరిగిపోయి ఉన్నాడు. చాబీ ఇంకా చేతిలోనే ఉంది.

భార్య వరహాలమ్మ ఆ చాబీని భర్త పక్కనే పెట్టి మట్టి వేయించింది. అది ఆఫీసు సామాను, తిరిగి ఇచ్చెయ్యమని స్టోరు గుమాస్తా వచ్చి అడిగితే, "తవ్వుకొని తీసుకోండి" అని తలుపేసుకుంది. అతను మళ్లీ రాలేదు.

ఆ తర్వాత కౌన్సిల్లో ఒక తీర్మానం అయింది. తెలుగు సాహి ఉన్న చోట మార్కెట్ కట్టాలట. వీధి జనాన్ని ఏటి అవతల కొండ కింద పడేస్తారట. సాహి జనం మేం కదలం అన్నారు. కదలకపోతే నీళ్లు కట్టెయ్యమని పైనుంచి మాట వచ్చింది. ఎండాకాలం ముంచుకొస్తోంది, నీళ్లు లేకపోతే ఎన్నాళ్లుంటారు?

కట్టే పని గంగరాజు మెడకి చుట్టుకుంది.

గంగరాజు దాలయ్యకి మేనల్లుడు. అదే సాహిలో కాపురం. అప్పటిదాకా పంపుహౌసులో మోటారు చూసుకునేవాడు, దాలయ్య పోయాక వాల్వుల పని కూడా అతనికే అంటగట్టారు. మంచివాడే గానీ మహా పిరికి. ఆఫీసులో ఎవరేం చెప్పినా "ఆజ్ఞా" అనేవాడు, అంటే చిత్తం అని. ఆ మాట తప్ప వేరే మాట అతని నోట ఎవరూ వినలేదు.

సూపర్‌వైజర్ బిజయ్ పక్కన నిలబడి, "బంద కరి దే" అన్నాడు. కట్టెయ్యమని.

"ఆజ్ఞా" అన్నాడు గంగరాజు.

ఆ వాల్వు దాలయ్య వదిలినట్టే ఉండేది, దాని మీద అతను చెయ్యి వెయ్యడం అదే మొదలు. ఆఫీసు ఇచ్చిన కొత్త చాబీ దించి, ఊళ్లో అన్ని వాల్వులకీ తిప్పినట్టే కుడికి తిప్పాడు. కొన్ని చుట్లు తిరిగి బిగుసుకుంది. ఇంక కదల్లేదు. తన గుమ్మంలో నిలబడి చూస్తున్న వరహాలమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్తే పెళ్లాం పుష్ప కంచం పెట్టలేదు. "మావ ఇచ్చిన నీల్లు నువ్వు కట్టీసేవు. ఆ సేత్తో నా వంట ముట్టకు" అంది.

మర్నాడు తెల్లారకముందు—

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

సాహి సాహంతా మంచాల మీద లేచి కూర్చుంది. కాసేపటికి కుళాయిలు గర్రుమన్నాయి. ఆపైన నీళ్లు! మామూలు నీళ్లు కూడా కాదు. దాలయ్య బతికున్నప్పుడు దారంలా వచ్చే చివరింటి కుళాయిలో కూడా బిందె పక్కకి తన్నేసేటంత జోరు.

"పోయినోడు సేతులు కట్టీసుకొని కూకున్నాడనుకున్నారేటి" అంది ఒక ముసలమ్మ, నెత్తిన బిందె ఎత్తుకుంటూ.

బిజయ్ పరిగెత్తుకొచ్చాడు. గంగరాజు చాబీ వేసి చూపించాడు. బిగుసుకునే ఉంది, వెంట్రుకవాసి కదల్లేదు. బిజయ్ మూతకి గొలుసు చుట్టి తాళం వేయించాడు. మర్నాడూ అదే చప్పుడు, అవే నీళ్లు. తాళం వేసింది వేసినట్టే ఉంది. మూత మీద ఇసక బస్తాలు పెట్టించాడు. బస్తా జరగలేదు. నీళ్లు మాత్రం వచ్చాయి.

పక్కనున్న రామనగుడ సంతలో కూడా ఇదే మాట అయింది. సాహి ఆడవాళ్లు బస్తాల మీద బీడీకట్టా అగ్గిపెట్టే పెట్టి దణ్ణం పెట్టుకోవడం మొదలెట్టారు. దాలయ్యకి బీడీ లేనిదే చెయ్యి ఆడేది కాదు మరి.

చివరికి బిజయ్ తాళంచెవి గంగరాజు చేతిలో పెట్టాడు. "ఈ రాత్రి అక్కడే కూర్చో. ఎవడొస్తున్నాడో పట్టుకో. కాలి పాణి ఆసిలే తో చాకిరి గలా." రేపు నీళ్లొస్తే ఉద్యోగం పోయినట్టే.

"ఆజ్ఞా" అన్నాడు గంగరాజు. నీళ్లొస్తే తన కూడు పోతుంది. నీళ్లు రాకపోతే సాహి పోతుంది, అందులో తన ఇల్లూ పోతుంది. ఏ వైపు చూసినా తన నోట్లోనే మట్టి.

ఆ రాత్రి బస్తాలు పక్కకి లాగి, దుప్పటి కప్పుకొని మూత పక్కన కూర్చున్నాడు. చాబీ తొడ కింద పెట్టుకున్నాడు. ఇనుము దగ్గరుంటే దెయ్యం రాదంటారు. కానీ దాలయ్య బతుకంతా ఇనుము పట్టుకునే తిరిగాడు... ఆ ఆలోచన వచ్చాక ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

దూరంగా గూడ్సు బండి ఒకటి కూత వేసుకుంటూ పోయింది. ఆ తర్వాత కుక్క కూడా అరవలేదు.

ఎంతసేపు గడిచిందో. కన్ను మూతపడబోతోంది...

ఠంగ్.

దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఠంగ్...

వీపు దొడ్డి వైపే ఉంది. తిరగాలి. మెడ తిరగడం లేదు.

ఠంగ్.

తడుముకొని టార్చి నొక్కాడు. వెలగలేదు. కటకటాల పక్కన తెల్లగా ఏదో కదిలింది... ఆగింది... వంగింది. అడుగులో అడుగు వేసుకుంటూ అతని వైపే వస్తోంది.

"నువ్వేట్రా, గంగరాజు?"

వరహాలమ్మ! తెల్ల చీర తలమీంచి కప్పుకొని, గుసగుసగా పిలిచింది.

"అత్తా... నువ్వేటి ఈ యాలప్పుడు?"

ఆమె మెల్లగా మూత పక్కన చతికిలబడింది. "దినామూ వస్తన్నాను. సప్పుడు ఇనగానే వచ్చీసి కూకుంతన్నాను. మీ మావ ఒక్కపాలి అవుపడతాడేమోనని." మూత మీద చెయ్యి వేసింది. "ఊరందరికీ నీల్లిస్తన్నాడు గానీ, నాకు అవుపడ్డం లేదురా."

గంగరాజు తన చేతుల వైపు చూసుకున్నాడు. మావ నీళ్లు కట్టేసిన చెయ్యి తనదే కదా.

అంతలో మూత కింద సణుగుడు లాంటి చప్పుడు మొదలైంది. ట్యాంకు నీళ్లు వదిలారు. సాహిలో తలుపులు తీస్తున్నారు, బిందెలు కదులుతున్నాయి.

"ఇయ్యాల నీల్లొస్తే నా ఉద్యోగం తీసెస్తారంట, అత్తా."

"అయితే కట్టీ" అంది వరహాలమ్మ. కోపంగా కూడా అనలేదు. "సాబీ నీ సేతిలోనే ఉన్నాది గదా."

తాళం తీసి, మూత ఎత్తి, చాబీ దించాడు. కుడికి తిప్పాడు. రాయిలా బిగుసుకుంది. వాల్వు కట్టే ఉంది, కింద నీళ్లు మాత్రం హోరుమంటున్నాయి. బలమంతా కూడగట్టి చాబీ మీద వాలాడు. బురదలో కాలు జారింది. పడిపోతూ చాబీని పట్టుకుని వేలాడేసరికి, అది ఎడమవైపుకి గిర్రున తిరిగింది.

కింద హోరు తగ్గింది.

ఊపిరి బిగబట్టి ఇంకో చుట్టు ఎడమకి తిప్పాడు. ఇంకా తగ్గింది. ఇంకో చుట్టు... ఇంకొకటి...

చప్పుడు ఆగిపోయింది.

"నీల్లాగిపోనాయర్రా!" అని సాహిలోంచి కేక.

ఊళ్లో వాల్వులన్నీ కుడికి తిప్పితే మూసుకుంటాయి. ఈ ఒక్కటీ ఏ కాలం నాటిదో, కుడికి తిప్పితే తెరుచుకుంటోంది! మిట్ట మీద బజారుకీ నీళ్లందాలని దాలయ్య దీన్ని సగమే తెరిచి ఉంచేవాడు. కట్టమన్న రోజున, బిజయ్ పక్కన నిలబడి ఉండగా, మిగతా సగం తెరిచినవాడు గంగరాజే. మర్నాటి నుంచీ తను చూపించిన బిగింపు నిండా తెరుచుకున్న బిగింపు.

అందుకా ఆ జోరు! తాళాలు వేసిందీ బస్తాలు పెట్టిందీ తెరిచిన వాల్వుకి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఊరంతా దణ్ణం పెట్టింది తన చేతికే. నవ్వొచ్చింది అతనికి, దాని వెనకే ఏడుపొచ్చింది.

ఎందుకంటే వాల్వు ఇప్పుడు నిజంగా కట్టేసి ఉంది. ఎలా కట్టాలో ఊరి మొత్తానికి తనొక్కడికే తెలుసు. ఇలాగే వదిలేసి ఇంటికిపోతే ఉద్యోగం పదిలం. కొన్నాళ్లకి సాహి ఖాళీ.

చీకట్లోంచి పుష్ప గొంతు వినపడింది. "కట్టీసేడు. మా ఆయనే కట్టీసుంటాడు."

ఆ మాట సూటిగా తగిలింది. ఇన్నేళ్లుగా ఎవడు ఏం చెప్పినా తల ఊపిన తన మీద తనకే అసహ్యం వేసింది గంగరాజుకి.

"పక్కకి జరుగత్తా" అన్నాడు.

చాబీ పట్టుకుని కుడికి తిప్పాడు. దాలయ్య ఆపిన సగం దగ్గర తను ఆగలేదు. బిగుసుకునేదాకా తిప్పాడు. నీళ్లు ఒక్కసారిగా గొట్టంలోకి దూకాయి. సాహిలో ఆడవాళ్లు కేరింతలు కొట్టారు.

తెల్లారాక బిజయ్ మోటారుసైకిలు వచ్చి ఆగింది. సాహి కాలవ నిండా నీళ్లు పారుతున్నాయి. అతను చాబీ లాక్కుని తనే కుడికి తిప్పాడు. మొహం ఎర్రబడేదాకా తిప్పాడు. కదల్లేదు.

"బంద త అఛి!" అన్నాడు. కట్టే ఉందే! "మరి నీళ్లెవరిచ్చారు?"

గంగరాజు ఆజ్ఞా అనలేదు.

"మా మావ. తాలాలేసేరు, బస్తాలు పెట్టేరు, ఇప్పుడు మీ సేత్తో మీరే సూసేరు. నా ఉద్యోగం తీసీసుకోండి సార్. ఈ వాల్వు మీద నానింక సెయ్యెయ్యను."

అతని వెనక సాహి ఆడవాళ్లు చీపుళ్లు భుజాన వేసుకుని నిలబడ్డారు. ఊరు ఊడ్చే వేళ అయింది, ఒక్కరూ కదల్లేదు. వరహాలమ్మ ముందుకొచ్చింది.

"బతికినన్నాల్లూ మీ ఆఫీసు మాటిన్నాడు, బాబూ. సచ్చింతర్వాత కూడా ఇనాలేటి?"

బిజయ్ ఆమెను చూశాడు, బీడీకట్టను చూశాడు. చాబీ కింద పడేసి బండెక్కాడు. వెళ్తున్నంతసేపూ దొడ్డికి వీపు చూపించకూడదని మెడ వెనక్కి తిప్పుకునే ఉన్నాడు.

ఆ వాల్వు తవ్వి తీసెయ్యడానికి కౌన్సిల్లో ఒక్క పనివాడు కూడా ఒప్పుకోలేదట. ఎందుకు కుదర్లేదో మీటింగులో రాయాలంటే దెయ్యం అని రాయలేరు కదా, వాయిదా వేసి టీలు తాగి లేచారట. గంగరాజు ఉద్యోగమూ పోలేదు. అతన్ని తీసేస్తే అక్కడికి వెళ్లేదెవరు? సాహి ఇవాళ్టికీ అక్కడే ఉంది.

కానీ ఆ పొద్దున జరిగిన ముచ్చట ఒకటి మిగిలిపోయింది. అందరూ పనుల్లోకి వెళ్లాక గంగరాజు అత్త చెవిలో వాల్వు సంగతి చెప్పాడు. వరహాలమ్మ కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది.

"మీ మావంత తిక్కదేరా అది!"

"ఆ దెబ్బలు మాత్రం బాగా కొట్టేవత్తా" అన్నాడు గంగరాజు. "నా పై పాణాలు పైనే పోనాయి."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"నాను కొట్టేనేటి? నా కాడ ఇనపముక్కేటున్నాది? సాబీ ఆయన పక్కనే పెట్టి మట్టేయించేను గదా. నువ్వీ సంగతి సెప్పినాక, కొట్టింది కూడా నువ్వే అనుకున్నాను..."

రాత్రంతా గంగరాజు చాబీ తొడ కిందే ఉంది.

ఇద్దరూ కటకటాల వైపు తిరిగారు. ఇనుమంతా తుప్పు పట్టి ఉంది. ఒక్క చోట మాత్రం తుప్పు రాలిపోయి, ఎవరో రోజూ కొడుతున్నట్టు, తళతళలాడుతోంది.

గంగరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. వరహాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, కటకటాల దగ్గరకి వెళ్లి, తళతళలాడే చోట చెయ్యి వేసింది.

"వచ్చేవన్నమాట" అంది. "రేపు ఇంకాస్త గట్టిగా కొట్టు మావా. కౌన్సిల్ ఆఫీసు దాకా ఇనపడాల."