జులేఖా తెచ్చిన నిప్పు

పిల్లలూ, ఇప్పుడు పొయ్యి అంటే పుల్ల గీస్తే వెలుగుతుంది. మా అవ్వ చెప్పిన కుందనగిరిలో పొయ్యికి పెద్ద మర్యాద ఉండేది. ఆ కథ తలచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లాగుతుంది.

అక్కడ ఒక ముసలి పీరుబాబా ఖాన్కా ఉండేది. ఖాన్కా అంటే ఫకీర్ల మఠం. శిష్యుడు ఎదిగితే బాబా తన పొయ్యిలోని నిప్పులు కుండలో పోసి పంపేవాడు. ఆ నిప్పుతో అతను కొత్త ఊళ్లో కొత్త ఖాన్కా వెలిగించేవాడు. అలా దేశమంతా ఖాన్కాలే! వాటన్నిటికీ ఒకటే కట్టుబాటు: ఆకలితో వచ్చినవారికి ముందు అన్నం పెట్టాలి, తర్వాతే పేరడగాలి.

బాబా ఖాన్కాలో వంటమనిషి కూతురు జులేఖా మహా వాగుడుకాయ. ఒకరోజు గడపలో నిలబడ్డ ముసలాయనను, "నువ్వెవరివి తాతా? ఏ ఊరోనివి?" అని అడిగేసింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ దుఃఖం శాపమై తగిలింది. దేశంలో ప్రతి పొయ్యీ ఆరిపోయింది, మళ్లీ రాజలేదు. వెచ్చని గంజి లేక బాబా మంచం పట్టాడు.

"నా నిప్పు ఏదో ఒక శిష్యుని దగ్గర మిగిలే ఉంటది బిడ్డా," అన్నాడాయన.

తప్పు తనదే కదా! మిగిలిన జొన్నరొట్టెలు మూటగట్టుకుని జులేఖా బయలుదేరింది. దారిలో చూసిన ఖాన్కాల పొయ్యిలన్నీ చల్లారి ఉన్నాయి. అడవిలో ఎలుగుబంటి అడ్డం వచ్చింది.

"తిను మామా," అని రొట్టె ఇచ్చింది. అది తినేసి, పొగ లేస్తున్న కొండ చూపించింది.

కొండగుహలో నిప్పులకుండ ఒడిలో పెట్టుకుని రాక్షసుడు కూర్చున్నాడు.  జులేఖా వెనక్కి తగ్గకుండా ఆఖరి రొట్టె అతనికి అందించింది.

"నేనెవరో అడగవా?" అని గర్జించాడు.

"ముందుగాల తిను తాతా. ఊరూ పేరూ ఎటువోతయి?"

రాక్షసుడు రొట్టె తిని ఏడ్చాడు. ఏడుస్తూనే ఆనాటి ముసలాయనగా మారిపోయాడు. "యాభై ఏండ్లకు గురువును చూద్దామని వచ్చిన బిడ్డా. నా ఇంట్లనే నన్ను ఎవరివని అడిగితే తట్టుకోలేకపోయిన. ఆ దుఃఖమే నన్ను రాక్షసుణ్ణి చేసింది," అన్నాడు.

ఇద్దరూ నిప్పుతో తిరిగివచ్చారు. పొయ్యి రాజుకుంది. జులేఖా గంజి కాచి మొదట గడపలో కూర్చున్న ఆ ముసలాయనకు పోసి, తర్వాత బాబాకు పట్టింది.

బాబా కళ్లు తెరిచి, "గడపల ఎవరమ్మా?" అన్నాడు.

"పేరడగలే బాబా. ముందుగాల గంజి పోసిన."

బాబా పకపకా నవ్వాడు. లేచి కూర్చుని, గడప వైపు చేతులు చాచి, యాభై ఏళ్ల కిందట పిలిచినట్లే తన శిష్యుణ్ణి పేరుపెట్టి పిలిచాడు.