ఐసు ఫ్యాక్టరీ ఎత్తు మీద ఆగే బండి

మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ముందు ఎత్తు ఒకటుంది... చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దంటే వెళ్ళొద్దంతే. ఎంత మొనగాడైనా అక్కడికొచ్చేసరికి ఈలపాట ఆపేసేవాడు. నేను కళ్ళారా చూసింది కాదు సుమా. మా వెల్డింగు షెడ్డు పక్కనే ఉండే మెకానిక్కు తన నోటితో చెప్పగా విన్నాను.

అతని బావ ఆ ఎత్తు మీదే పోయాడు — పికప్ నడుపుతూ, స్టీరింగు మీద వాలిపోయి. ఆ పాత బండినే అక్క నడపడం మొదలెట్టింది, కోడిగుడ్లు దుకాణాలకు వేస్తూ. ఇద్దరాడపిల్లలు మరి, ఏడుస్తూ కూర్చుంటే ఎలా?

కొన్నాళ్ళకి బండి ఆగసాగింది... సరిగ్గా ఆ ఎత్తు మీదే. దగ్గుతుంది, గింజుకుంటుంది, ఆగిపోతుంది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

మెకానిక్కు ఫిల్టరు మార్చాడు. పెట్రోలు పంపు విప్పాడు. కార్బురేటరు కడిగాడు. షెడ్డులో బండి బంగారం! ఎత్తు మీద మళ్ళీ అదే వరస. "సొంత అక్క బండే బాగుచెయ్యలేనోడు మన బండ్లేం చేస్తాడ్రా!" అని మేమంతా ఒకటే ఎగతాళి. పరువు పోతోందని ఉక్రోషం వచ్చి, ఓ రోజు అక్కతో గుసగుసగా అనేశాడు —

"బండిలో లోపం లేదక్కా... బావే ఆపుతున్నాడు."

అక్క భయపడలేదు. నమ్మింది.

ఓ రాత్రి అతనూ ఆమె పక్కన కూర్చుని వెళ్ళాడు. ఎత్తు ఎక్కుతుండగా బండి దగ్గింది... ఆగింది. అక్క లైట్లు ఆర్పేసి, స్టీరింగు నిమురుతూ —

"ఏవండీ... చిన్నదానికి జ్వరం తగ్గింది. పెద్దది అచ్చం మీలాగే, మొండి..."

ఇతనిక పక్కన కూర్చోలేకపోయాడు. పెట్రోలు చూస్తానని దిగి, ట్యాంకు మూత తిప్పాడు —

హూఁ... ష్...

పొడుగాటి ఊపిరి! వెల్లకిలా పడ్డాడు.

"విన్నావురా?" లోపల్నించి అక్క కేకేసింది. "మీ బావే!"

కానీ పడుతూ పడుతూ అతనొకటి చూశాడు — చేతిలోని గుడ్డపీలికను ట్యాంకే లోపలికి లాక్కుంది. ఊపిరి బయటికి రాలేదు... లోపలికి పోయింది.

పెట్రోలు వాసనొస్తోందని అక్క అంటే, మూతకున్న సన్నటి బెజ్జాన్ని లీకులు మూసే సీలు ముద్దతో పూడ్చిందెవరు? తనే! పెట్రోలు తగ్గేకొద్దీ ఆ బెజ్జంలోంచి గాలి లోపలికెళ్ళాలి. దారి మూసేస్తే, ఎత్తు దాకా వచ్చేసరికి ట్యాంకుకి ఊపిరాడక పెట్రోలు వదలదు. కాసేపటికి సందుల్లోంచి కాస్త గాలి చేరితే మళ్ళీ వదుల్తుంది. అంతే సంగతి.

సిగ్గుతో చచ్చిపోయాడు. నోరు మాత్రం విప్పలేదు. ఇంటికెళ్ళాక దొంగలా సూది పట్టుకొచ్చి ఆ బెజ్జం పొడిచేశాడు.

బండి మళ్ళీ ఆగలేదు. వారం తిరక్కుండా అక్క షెడ్డుకొచ్చింది, కళ్ళు వాచిపోయి.

"ఆపడం లేదురా. నేనే ఆపి కూర్చుంటున్నా... ఇదివరకటిలా ఊఁ కొట్టడం లేదు, ఉలుకూ లేదు, పలుకూ లేదు. నామీద కోపమొచ్చిందేమోరా ఆయనకి."

ఇక దాచలేక, తలెత్తకుండా అంతా కక్కేశాడు — బెజ్జం, ముద్ద, పరువు కోసమాడిన అబద్ధం. నాలుగు తగిలించినా బాగుండేదనిపించిందట.

అక్క చెయ్యెత్తలేదు. బండి స్టీరింగు మీద చెయ్యేసి, మెల్లగా అడిగింది...

"అయితే ఒరే... ఇన్నాళ్ళూ నాకు జవాబు చెప్పిందెవర్రా?"