రెండు మిల్లీమీటర్ల తగాదా

“రెండంటే రెండు మిల్లీమీటర్లు! ఇవ్వడానికి అంత బెట్టేంటి?”

“ఇవ్వనంటే ఇవ్వను. కాలిక్యులేటర్ వీపుకి అంటుకోవాల్సిన పెట్టె ఇది, బట్టల బీరువా కాదు!”

ఆరునెలలుగా ఆ వర్క్‌షాపులో రోజూ ఇదే భాగవతం. అతను సర్క్యూట్ బోర్డులు గీస్తాడు, ఆమె వాటికి పెట్టెలు గీస్తుంది. ఇద్దరూ కలిసి సమీకరణాలని గీతలుగా చూపించే గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌కి తగిలించే బుల్లి సాధనం ఒకటి చేస్తున్నారు. తెరమీద గీత పైకెక్కితే అది సన్నగా కూస్తుంది, కిందికి దిగితే బొంగురుగా మూలుగుతుంది.

ఇదంతా ఆమె నాన్నగారి కోసం. ఆయన లెక్కల మాస్టారు. ఏడాది క్రితం చూపు పోయింది. ఈ సాయంత్రం ఇది విని చూస్తానన్నారు. నచ్చకపోతే రేపు రాజీనామా ఇచ్చేస్తారట, కాగితం కూడా సిద్ధం.

పొద్దున కొత్త బోర్డు వచ్చింది. తగిలిస్తే కిక్కురుమనలేదు. అతను దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, తల పట్టుకున్నాడు.

“కనెక్టర్‌ని కిందినుంచి చూస్తూ గీసేశాను. పిన్నులన్నీ తారుమారయ్యాయి.”

“ఇవాళే దొరికిందా నీకు, మహానుభావా?” అంది. తిడుతూనే ఉంది, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

ఆ నీళ్ళు చూసి అతని ప్రాణం ఉసూరుమంది. “ఏడవకు. కనెక్టర్ పీకి బోర్డుకి రెండోవైపు అతికిస్తే సరిపోతుంది. కాకపోతే పెట్టె లోపల ఇంకో రెండు…”

“ఆ మాట పూర్తిచేశావో, చంపేస్తాను!” అంటూనే ఆకురాయి అందుకుంది.

బయట వాన దంచికొడుతోంది. లోపల అతను టంకం వేస్తున్నాడు, ఆమె పెట్టెని అరగదీస్తోంది. ఊదితే ప్లాస్టిక్ పొడి వెళ్ళి అతని జుట్టు మీద పడింది. దులపబోయిన ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఆగిపోయింది.

“ఏంటా చూపు? పని చూడు,” అంది, చెయ్యి గబుక్కున లాక్కుంటూ.

సాయంత్రం తడిసి ముద్దయి ఇద్దరూ ఆమె ఇల్లు చేరారు. మాస్టారు వేళ్ళతో మీటలు తడుముకుంటూ ఒక సమీకరణం కొట్టారు. శబ్దం మెల్లగా దిగింది, అడుగుకి చేరింది, మళ్ళీ పైకి లేచింది.

“పారాబొలా!” అన్నారాయన. మళ్ళీ కొట్టారు, మళ్ళీ విన్నారు. “రేపు నా మొదటి పీరియడ్ ఏ క్లాసుకో కనుక్కోమ్మా.”

ఆమె ఏడుస్తూ నవ్వేసింది. “ఈ మొద్దబ్బాయి పొద్దున కొంప ముంచేశాడు నాన్నా!”

“ఆరునెలలుగా అన్నం దగ్గర అతని మీద చాడీలే కదా. రోజూ ఒక్కణ్ణే తిడుతోందేంటా అని నేనూ మీ అమ్మా అనుకుంటూనే ఉన్నాం.”

అతను మాస్టారి ముందుకొచ్చి నిలబడ్డాడు. “మాస్టారూ, మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. మీరు ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను.”

“ముందు నాకు చెప్పొద్దూ?” అని ఆమె ఎగిరింది.

“నీకు చెప్పాలంటే భయం!”

“నా ఆశీర్వాదం ఎప్పుడూ ఉంటుంది బాబూ,” అన్నారు మాస్టారు నవ్వుతూ. “జవాబు మాత్రం దాన్నే అడుగు.”

ఆమె తలొంచుకుని, “నాకూ ఇష్టమే,” అంది, గాలికి కూడా వినపడనంత మెల్లగా.

వంటింట్లోంచి వాళ్ళమ్మ కేకేసింది. “కాస్త గట్టిగా చెప్పవే, నాకు వినపడలేదు!”