మున్షీ దేవిడి కాడ ఊ కొట్టిందెవరు

అఫ్జల్‌గంజ్ నుంచి ధూల్‌పేట్ దిక్కు పొయ్యే అడ్డగల్లీల మున్షీ దేవిడి అని ఒక పెద్ద ఇల్లుండేది. పొద్దుగూకినంక ఆ గల్లీల కుక్క సుత పండదు అనేటోళ్లు. పోలీస్ యాక్షన్ అయినంక ఇంటోళ్లు తాళమేసి ఎటో పోయిన్రు. తాళం తాళమే ఉన్నది... కని లోపల మనుషులున్నట్టే ఉంటది.

పాలుపోసే గుండయ్య తన చెవులతోని విన్నడట — ఎవరో నవ్విన్రు. బట్టలుతికే చంద్రమ్మకు జనానా కిడికిల ఎర్రగ ఒక కన్ను కనబడ్డదట. ఒక్కటే కన్ను. మెరుస్తది, ఆరుతది. టాంగాలోళ్లయితె ఆ మూల కాడికి రాంగనే గుర్రాన్ని కొట్టి ఉరికిచ్చేటోళ్లు.

నేనయితె ఆ గల్లీల ఎన్నడు పోలేదు. పోయింది మా పక్కింటి సూర్యప్రభక్క. ఆమె నోట ఎట్ల విన్ననో గట్లనే రాస్తున్న.

అక్క మొగడు పోయినంక మరిది సదాశివ ఇంట్లనే ఉన్నది. వంట, పిల్లలు, మడి, తడి — అంత ఆమెనే. సదాశివ దఫ్తర్‌ల గుమాస్తా. నెమ్మదస్తుడు, మంచోడు అని గల్లీల పేరు. పొద్దుగాల "వదినా, కాఫీ" అని పిలిస్తె కొడుకు పిలిచినట్టే ఉండేదంట అక్కకు.

అక్కకు ఒక ఇద్దె ఉండె. దయ్యాల కథలు చెప్తది. పొడుగు కథలు కావు, ఒక తమలపాకు నమిలినంత సేపే. కని రాత్రంత నిద్ర పట్టనియ్యవు. మాపటికి అంట్లు తోముకోని వాకిట్ల గల్లీ ఆడపిల్లలం ఆమె చుట్టు కూసునేటోళ్లం. కథకు ఊ కొట్టాలె కదా. మేం మరిచిపోతె ఆగేది. గొంతు తగ్గిచ్చి —

"మీరు అనకుంటె ఇంకెవరో అంటరే..."

భయానికి అందరం ఒక్కసారే "ఊ" అనేటోళ్లం.

ఒకనాడు సదాశివ గడపల నిలబడి విన్నడు.

"వదినా, గిసొంటియే పత్రికలోళ్లు ఏరుకోని అచ్చేస్తున్నరు. చిన్నగుండాలె, భయపెట్టాలె. రాసియ్యి, నేను టపాల ఏస్త."

"నాకేం రాతొస్తది నాయినా? నాలుగో తరగతి సదువు."

"నోటికి ఏం వస్తె అది రాయి. దీర్ఘాలు, ఒత్తులు నేను సూస్కుంట."

కాయితాలు ఆయనే తెచ్చిండు, సిరా ఆయనే తెచ్చిండు. అందరు పండుకున్నంక అక్క దీపం కాడ కూసోని రాసింది. నాతోని అన్నది — "పైసల్ గిట్ల ఏం వద్దే. నా పెండ్లి పత్రికల సుత మా నాయిన పేరే ఉండె, నా పేరు లేకుండె. అచ్చుల నా పేరు ఒక్కసారి సూస్కోవాలె. గంతే."

ఆమె రాసింది గాజులాయన కథ. ఆయన ఒక పరదా ఇంటికి పోతడు. ఇంట్ల ఒక్కతే ఆడామె అని చెప్తరు. పరదా ఎనక నుంచి ఒక చెయ్యి వస్తది. తొడుగుతడు. రెండోది వస్తది. తొడుగుతడు. ఇగ గాజుల మలారం మూట కట్టుకుంటుంటె — పరదా ఎనక నుంచి ఇంకో చెయ్యి వస్తది.

గాజులోళ్లకు ఒక నేమం. సాపిన చేతిని ఒట్టిగ పంపొద్దు. ఆయనకు చెమటలు పడ్తయి... కని తొడుగుతడు. ఆ ఎనక ఇంకోటి వస్తది. అటెనక ఇంకోటి. ఆయన మళ్ల ఇంటికి రాలేదు. ఆ మూటల గాజులు అయిపోనూ లేదు.

కథ కింద అక్క తన పేరు పెద్దగ రాసింది.

కొన్ని నెలలాయె. అడిగితె సదాశివ మొకం చిన్నగ చేసుకున్నడు.

"వాపస్ పంపిన్రు వదినా. సదువు లేని రాత, మాకొద్దు అన్నరు."

"మరి కాయితాలేవి?"

"ఇంక అయ్యెందుకు, నీ మనసు నొస్తదని చింపేసిన. ఫికర్ చెయ్యకు, ఇంకోటి రాయి. ఈసారి అయితది."

అక్క ఇంకోటి రాసింది. అటెనక మళ్లోటి. అన్ని వాపస్ వచ్చినయన్నడు. తనకు చాత కాదనే అనుకున్నది అక్క. వాకిట్ల కథలు చెప్పుడు సుత బంద్ చేసింది.

కార్తీకం వచ్చింది. అక్క రోజు పురాణానికి గుడికి పోయేది, మా గల్లీ రాధాబాయి తోడు వచ్చేది. ఆ దినం రాధాబాయి రాలేదు. పురాణం అయి బజార్ల అడుగుపెడ్తె — ఏదో పెండ్లి బరాత్. గ్యాసు బత్తీలు, బ్యాండు, నిండ మొగోళ్లు. నలుగురు మొగోళ్లుంటె నెత్తి మీద కొంగు ఇంత ముందుకు గుంజుకునే మనిషి ఆమె. ఆ గుంపుల నుంచి ఎట్ల పోతది?

అడ్డగల్లీలకు మలిగింది.

బ్యాండు చప్పుడు ఎనకబడ్డది. చీకటి. చేతిల చిన్న కందిలి. గోడ పట్టుకోని, కిందికే సూస్కుంట నడిచింది. దేవిడి దాటితె ఇల్లే... దేవిడి దాటితె ఇల్లే...

అప్పుడు వినబడ్డది.

లోపల ఎవరో మాట్లాడ్తున్నరు. మాట్లాడుడు కాదు. ఒకటే గొంతు, నిదానంగ, సాగదీసుకుంట —

"...పరదా వెనుకనుండి... మరియొక చేయి వచ్చింది..."

అక్క ఆడనే ఆగింది. కందిలి గాలికి ఆరింది.

అది తన కథ.

తను రాసింది. సదాశివ చింపిన అన్నది. మరి లోపలున్నదానికి ఎట్ల తెలిసింది? దీపం కాడ రాసుకుంటుంటె భుజం మీది నుంచి తొంగి సూసిందా?

లోపలి గొంతు ఆగింది. భయపడే జాగ కాడ ఆగుతరు కదా, గట్ల. ఆ ఆగుడు పడంగనే... చిన్నప్పటి అలవాటు. అక్క నోట్ల నుంచి తనకు తెల్వకనే వచ్చింది —

"ఊ."

లోపల ఏదో కదిలిన చప్పుడు.

"ఎవరు... నువ్వేనా వామన్‌రావ్, ఊ కొట్టింది?"

"నేనెందుకు కొడ్త భాయ్? నువ్వే మమ్మల్ని బెదిరిస్తున్నవ్."

మొదటి గొంతు సదాశివది.

అక్క కిడికి సందుల నుంచి సూసింది. నేల మీద జంపఖానా, ఒక దీపం, పరిచిన పేకాట పత్తాలు. వామన్‌రావు సిగరెట్ గుంజితె ఎర్రగ మెరిసింది... ఆరింది. సదాశివ, ఆయన దోస్తులు ఎనక గోడ దుంకి వస్తరట. దయ్యం పేరు చెప్తె ఇండ్లల్ల ఆడోళ్లు ఇటు దిక్కు రారని వీళ్లకు ధైర్యం. సదాశివ చేతిల పత్రిక ఉన్నది.

దయ్యం కాదు. అక్క ఊపిరి తీసుకున్నది. మరి చింపిన అన్న కథ పత్రికల ఎట్ల వచ్చింది?

"ఔ గని సదాశివా," వామన్‌రావు నవ్వుకుంట అన్నడు, "గింత భయం ఎక్కడ పుట్టిస్తవ్ రా? ఇంట్ల ఎవరన్న చెప్తరా?"

"మా ఇంట్లనా? నా పెండ్లాంకు బల్లిని సూస్తెనే భయం."

"మీ వదినె ఉన్నది కదా?"

"వదినెనా! పాపం, ఆమెకు ఓనమాలు రావు."

అందరు నవ్విన్రు.

అక్క కిడికి చువ్వ పట్టుకున్నది. ఈ జాగ కాడ నాతోని — "దయ్యమే అయితె బాగుండు అనిపిచ్చిందే," అన్నది.

సదాశివ మళ్ల సదువుడు షురూ చేసిండు. కథ ఆఖరుకు వచ్చింది. గాజులాయన మంత్రం సదివిండట, మూడో చెయ్యి భగ్గున మండి బూడిదయిందట.

"గట్ల కాదు," అన్నది అక్క.

గట్టిగ అనలేదు. ఆమె ఎన్నడు గట్టిగ మాట్లాడింది? కని ఆ ఖాళీ ఇంట్ల చిన్న మాట సుత గోడ గోడకు తగిలింది.

"...తొడిగిండు. సాపిన చెయ్యి ఒట్టిగ పోవద్దు..."

లోపలోళ్లు కిడికి దిక్కు సూసిన్రు. చీకట్ల మొకం లేదు, మనిషి లేదు. చువ్వను పట్టుకోని ఒక చెయ్యి. గాజుల్లేని బోడ చెయ్యి.

ఇగ సూడు! దీపం ఎటు పడ్డదో, పత్తాలు ఎటు ఎగిరినయో. "అరె చల్ భాగ్!" అన్న వామన్‌రావు కేక గోడ అవతల వినబడ్డది.

అక్క ఇంటికి వచ్చేసరికి సదాశివ ముసుగు తన్ని పండుకున్నడు. ఒక కాలికి చెప్పు లేదు. పెండ్లాం గోదా ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీస్తున్నది.

"సూడక్కా, ఎక్కడనో జడుసుకున్నడు. నోట మాట వస్తలేదు."

"పొయ్యిల ఎయ్యి," అన్నది అక్క, "మండుతదో లేదో సూద్దాం."

సదాశివ తనంతట తనే చెప్తడని సూసింది. ఆ చెయ్యిని కండ్లార సూసిండు కదా. రోజు తనకు వడ్డిచ్చే చెయ్యిని గుర్తుపట్టకపోతడా అని.

కొన్ని దినాలకు, మాపటికి తినుకుంట సదాశివ తల ఎత్తకనే అడిగిండు.

"వదినా, మదరాసుల దయ్యాల కథలన్ని జమ చేసి పుస్తకం ఏస్తున్నరట. మా దఫ్తర్‌ల దోస్తు ఒకడు రాస్తుండు. ఖాళీ ఇల్లు, ఊ కొట్టిన గొంతు, కిడికిల ఒట్టి చెయ్యి... ఆఖరు కుదురుతలేదట వానికి. నువ్వయితె ఏం చెప్తవ్?"

అక్క చేతిల చారు గరిటె ఉన్నది.

"దయ్యం కాదని రాయిమను," అన్నది మెల్లగ. "ఆ కథ ఆ చెయ్యిదే అని రాయిమను. ఓనమాలు రావన్న మాట సుత విన్నదని రాయిమను. ఇంటికి వచ్చి ఆయనకు ఎప్పటి తీర్గనే అన్నం పెట్టిందని రాయిమను..."

చెయ్యి ముందుకు సాపింది.

"చారు పొయ్యనా, సదాశివా?"

సదాశివ ఆ చెయ్యి దిక్కు సూసిండు. ముద్ద నోటి కాడ ఆగింది. నుదుటి మీద చెమట... ముద్ద విస్తట్ల ఇడిసిపెట్టి, చెయ్యి కడుక్కోని, లోపలికి పోయి తలుపు ఏసుకున్నడు.

ఆ రాత్రి ఆయన అర్రల దీపం మస్తుసేపు ఎలిగింది. ఏడుస్తుండు కావచ్చు, పొద్దుగాల కాళ్ల మీద పడ్తడు కావచ్చు అనుకున్నదంట అక్క. పడ్తె ఏం అనాలెనో సుత తయారు చేసుకున్నది. "లే నాయినా, అయిందేదో అయింది" అని.

పొద్దుగాల — "వదినా, కాఫీ" అన్నడు. ఎప్పటి తీర్గనే.

ఉగాది దాటినంక టపాల పుస్తకం వచ్చింది. సదాశివ ఇంట్ల లేడు. గోదా అట్ట సూసుకుంట, మురుసుకుంట వంటింట్లకు ఉరికొచ్చింది.

"అక్కా! నీ మరిది కథే మొదటిది. సూడు, పేరు ఎంత పెద్దగ ఏసిన్రో!"

ఆడనే కూసోని పైకి సదివింది. దేవిడి. ఊ. కిడికిల చెయ్యి. అక్క పొయ్యి ముంగట కూసోని విన్నది. ఆఖరుకు వచ్చేసరికి గోదా పుస్తకం మొకం దగ్గరికి తెచ్చుకున్నది —

"...'చారు పొయ్యనా?' అని ఆమె చెయ్యి సాపింది. అమ్మో అక్కా, నాకు ఒళ్లు జలదరిచ్చింది!"

గాజులాయన కథ ఆఖరు మొత్తం మార్చిండు కదా ఆ సదాశివ.

ఈసారి ఒక్క మాట సుత మార్చలేదు.