ఆఖరి మైనం పలక

మైనం పలక పోయింది.

సింఫనీని పదకొండు పలకల మీద రికార్డు చేశారు. పది పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఆఖరిది లేదు. సాయంత్రం ఆరింటికి విమానం. మాస్కోలో వాటికి అచ్చులు తీసి, ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్ ఇంకా బతికే ఉందని ప్రపంచానికి వినిపించాలి.

ఐదింటికల్లా పలక దొరక్కపోతే రికార్డింగ్ ఇంజనీరు గ్లెబ్ ఒసిపొవిచ్‌ను విద్రోహి కింద జమకట్టి కాల్చేస్తారు. 1942 మార్చిలో ఆ ఊళ్లో రొట్టెకు కరువు గాని, తూటాలకు కాదు.

విచారణకు వచ్చిన మిలీషియా పోలీసు కెప్టెన్ జారుబిన్ రేడియో భవనం మెట్లు ఆగి ఆగి ఎక్కాడు. ఆకలి ఆయనకూ తప్పలేదు.

"ఈ గదికి తలుపేదయ్యా?"

"జనవరిలోనే పొయ్యిలో పెట్టేశాం, కామ్రేడ్ కెప్టెన్," అన్నాడు గ్లెబ్.

"భేష్. అయితే ఎవరైనా రావచ్చు."

"వచ్చింది నేనేనంటున్నారు." అన్నాడు గ్లెబ్.

కండక్టర్ వొరోనిఖిన్ శాలువా కప్పుకుని మూల కూర్చున్నాడు. ఆఖరి భాగం సరిగా రాలేదని, మళ్లీ వాయిద్దామని ఆయన గొడవపడ్డ సంగతి అందరికీ తెలుసు.

"మీరే మాయం చేశారా?" అడిగాడు జారుబిన్.

"నాకేమైనా మతిపోయిందా? మళ్లీ వాయించడానికి మనుషులేరీ? ముగ్గురు ఈ వారంలోనే పోయారు!"

పొయ్యి చూసుకునే తైసియా కుర్చీ కాలొకటి విరిచి మంటలో పెట్టింది. తలెత్తలేదు.

జారుబిన్ యంత్రం కింది నుంచి ఒక డబ్బా లాగాడు. ఖాళీ.

"ఇందులో ఏముండాలి?"

"పొట్టు. రికార్డింగ్ సూది మైనాన్ని కోస్తుంటే దారాల్లా లేస్తుంది. నిన్న డబ్బా నిండా ఉందే!"

"ఎవరైనా పారేశారా?"

"పారేయం. కరిగించి మళ్లీ వాడుకుంటాం."

"మైనంలో ఏం కలుపుతారు?"

"సగం పైన కొవ్వే..."

ఆ మాటకు గదిలో అందరూ గుటకలు మింగారు.

"అదీ సంగతి," అన్నాడు జారుబిన్. "సంగీతం కోసం వచ్చినవాడు పలక తీసుకుపోతాడు. పొట్టు వాడికెందుకు? వచ్చింది ఆకలి. పొట్టు కరగాలంటే నిప్పు కావాలి. ఈ భవనం మొత్తానికి నిప్పున్నది ఈ పొయ్యిలోనే. తైసియా, నిన్న నీ గిన్నెలో ఏం కాచావమ్మా?"

"నీళ్లు."

ఆయన గిన్నె అంచున తెల్లగా గడ్డకట్టిన చుక్కను గోటితో గీకి చూపించాడు.

తైసియా లేచింది. కట్టెల పెట్టె అడుగు నుంచి, గుడ్డలో చుట్టిన పలక తీసి బల్లమీద పెట్టింది. ఎక్కడా గాటు లేదు.

"నన్ను గోడకు నిలబెట్టి కాల్చేవాళ్లు కదమ్మా!" అరిచాడు గ్లెబ్.

"తెలుసు బాబూ. చెబుదామనే అనుకున్నా. నేను పోతే నా పాపనెవరు చూస్తారని నోరు రాలేదు. పొట్టు కాచి దానికే పోశాను."

"మరి పలకనెందుకు వదిలేశావు?" అడిగాడు జారుబిన్.

"కత్తి పెట్టబోయాను దొరా. మా ఆయన మంగళవారం పోయాడు. ఇందులో కొమ్ము ఊదింది ఆయనే. ఆయన ఊదిన చోటేదో తెలిస్తే, అంతవరకు వదిలేసి మిగతాది కోసుకునేదాన్ని. తెలియలేదు."

జారుబిన్ జేబులోంచి కాగితం తీశాడు.

"పలక కట్టెల పెట్టెలో పడి ఉంటే దొరికింది," అన్నాడు. "అంతే రాస్తాను."

గ్లెబ్ పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు వంచాడు. ఒకచోట గీతలు దట్టంగా, వెడల్పుగా ఉన్నాయి.

"ఇదిగో, కొమ్ము ఇక్కడ," అన్నాడు.

తైసియా చూస్తూ నిలబడిపోయింది. విమానానికి వేళవుతోంది. ఆమెను తొందరపెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.